చంటి సీటు ఇవ్వబడును

ఆదివారం పొద్దున్నే మృదుల వేసిన పథకం చాలా చిన్నది. ఇడ్లీలు ఉడికేలోగా కారు సీటు ఎవరికివ్వాలో తేలిపోవాలి. చంటికి ఐదేళ్ళు నిండాయి. మూడేళ్ళుగా వాణ్ణి కారులో కదలకుండా కట్టిపడేసిన ఆ సీటులో ఇప్పుడు వాడి భుజాలు పట్టడం లేదు. బెల్టు పెడితే ఊపిరాడటం లేదని గోల. అంచేత సీటు కారు దిగి హాల్లో టీవీ ముందు కూర్చుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు దానికి తట్టుకుని పడుతున్నారు. అమ్మడానికి మాత్రం మృదులకు మనసొప్పలేదు. పిల్లవాడు పెరిగిన సీటు, ఎవరికైనా ఊరికే ఇచ్చేద్దామంది.

ఆవిడ భర్త ప్రసన్నకుమార్ మంచివాడు. అదే అతని జబ్బు. పుట్టింది తెనాలి పక్కన, ఉద్యోగం ఎల్.బి.నగర్‌లో మోటారు పంపుల కంపెనీ లెక్కల విభాగంలో, కాపురం కొత్తపేటలో. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ దేనికీ కాదని చెప్పిన పాపాన పోలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత తెలుగులో ఒకటుంది. దాన్ని ఇక్కడ రాయడానికి నాకు మొహమాటం.

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో "కారు సీటు" అని టైపు చేసి ఆగాడు ప్రసన్నకుమార్. అక్కడ సగం మందికి కార్లు లేవు. మాకు కారుందని డప్పు కొట్టుకున్నట్టు ఉంటుందేమోననిపించి "కారు" కొట్టేశాడు. మిగిలింది ఇది: "మా చంటి పెద్దవాడయ్యాడు. వాడి సీటు ఉచితంగా ఇవ్వబడును. కావలసినవారు ముందుగా చెప్పగలరు." ఫోటో కూడా జత చేశాడు. ఉత్త సీటు ఫోటో తీస్తే పాల మరకలు కనబడతాయని పాతది వెతికి పెట్టాడు. అందులో చంటి కొత్త యూనిఫాం వేసుకుని, టై కట్టుకుని, బడి కార్డు మెడలో వేలాడేసుకుని, సీటు అంగుళమైనా కనబడకుండా దర్జాగా కూర్చుని ఉన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల సీటంటే ఏమిటో పొత్తిళ్ళలో పిల్లకు కూడా తెలుసు. అక్కడ గోడలూ బస్సుల వెనక భాగాలూ అన్నీ సీట్ల గురించే మాట్లాడతాయి. చంటి చదివే బడి మెట్రో లైను పక్కనే ఉంది. అందులో సీటు కోసం మృదుల రెండేళ్ళు తిరిగింది, మొక్కని దేవుడు లేడు, ప్రిన్సిపాల్ చంటిని అడిగిన ప్రశ్నలకు చంటికంటే ముందు తనే జవాబులు చెప్పింది. యూకేజీ అయిపోయింది. జూన్‌లో వాడు ఒకటో తరగతి.

ఇడ్లీలు ఉడకనే లేదు, కింది అంతస్తు బాలమల్లు తలుపు కొట్టాడు. ఈ అపార్ట్‌మెంటు లేచిన స్థలం ఒకప్పుడు అతని తండ్రిదే. స్థలానికి బదులుగా వచ్చిన ఫ్లాటులో భార్య స్వరూపరాణితో, మనవరాలు అఖిలతో ఉంటాడు. అఖిలది చంటి ఈడే. బాలమల్లు నోట మాట వచ్చిందంటే రాతి మీద చెక్కినట్టే. ఎదుటివాడి మాట కూడా అంతేనని అతని నమ్మకం.

"సార్, గా సీటు ఎవలకన్న ఇచ్చిండ్రా?"

"ఇంకా లేదండి."

"అయితే మా అఖిలకే ఇయ్యుండ్రి. ఇగ ఎవలకు మాటియ్యకుండ్రి."

ప్రసన్నకుమార్‌కు సంతోషమేసింది. సంగతులన్నీ వివరంగా చెప్పాడు. పిల్ల పద్దెనిమిది కిలోల లోపు ఉండాలన్నాడు. పేరున్న బళ్ళు ఇప్పుడు పిల్లల్ని తూకం కూడా వేస్తున్నాయి కాబోలనుకున్నాడు బాలమల్లు. బెల్టు విడిగా కొనక్కర్లేదు, దాంతోనే వస్తుందన్నాడు. మరీ మంచిదనుకున్నాడు బాలమల్లు. పిల్లను ఎప్పుడూ వెనకే కూర్చోబెట్టాలి, ముందు మాత్రం వద్దన్నాడు. ఇక్కడ బాలమల్లు మొహం కాస్త చిన్నబోయింది.

"ముందట కూసుంటే మంచిగ ఉంటది గద సార్."

"ముందు ప్రమాదమండి. ఎవరూ ఒప్పుకోరు."

పెద్ద బళ్ళ పద్ధతులు పెద్ద బళ్ళవి. బాలమల్లు తలూపి కిందికి దిగి, మనవరాల్ని తీసుకెళ్ళి కిరాణా కొట్టువాడి కాంటా మీద నిలబెట్టాడు. ముల్లు పదహారు దగ్గర ఆగింది. బాలమల్లు గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

సాయంత్రానికి గ్రూపు నిండా దండాల బొమ్మలే. ఈ కాలంలో ఇలాంటి మనసు ఎవరికుంటుందని అసోసియేషన్ సెక్రటరీ త్రినాథరావు పెద్ద వ్యాసమే రాశాడు. పాత సీటుకే ఇంత గౌరవమా అని ప్రసన్నకుమార్ పొంగిపోయాడు. మర్నాడు బాలమల్లు సెల్లారులో తన పార్కింగు జాగా ఖాళీ చేశాడు. ఏడాదిగా ఎంతమంది బతిమాలినా ఇవ్వని జాగా అది. అక్కడున్న నీళ్ళ గోలెం, నాటు కోళ్ళ గంప మేడ మీదికి చేరాయి, ఎండలో మాడుతున్న ప్రసన్నకుమార్ కారు నీడకు చేరింది. మృదులకు మాత్రం అనుమానం తీరలేదు.

"ఆయనకు స్కూటరే కదండీ ఉంది. కారు లేని మనిషికి కారు సీటెందుకు?"

"కొంటారేమోలే. అడిగితే బాగుండదు."

సీటు గుడ్డలు ఉతికి, ఆరేసి, తిరిగి తొడిగి, ఇవ్వడానికి సిద్ధంగా కారు డిక్కీలో పెట్టాడు ప్రసన్నకుమార్. ఇవ్వబోతే బాలమల్లు జూన్‌లో తీసుకుంటామన్నాడు. కారు జూన్‌లో కొంటున్నాడని ప్రసన్నకుమార్ అర్థం చేసుకున్నాడు.

ఆ పై ఆదివారం బాలమల్లు ఇంట్లో భోజనం. మృదుల ఆ రోజు ఉపవాసం, ప్రసన్నకుమార్ ఒక్కడే వెళ్ళాడు. స్వరూపరాణి నాటుకోడి కూర, జొన్నరొట్టెలు పెట్టి, ముక్క మీద ముక్క వేస్తూ పక్కనే నిలబడింది. అప్పుడు బాలమల్లు తాపీగా చెప్పాడు. "సరూర్‌నగర్ బడిల మా పిల్లకు ఒకటో తరగతి సీటు పెట్టిచ్చుకున్నం సార్. మీ సీటు ఉండంగ అదెందుకని, నిన్ననే పోయి వద్దని చెప్పొచ్చిన."

ప్రసన్నకుమార్‌కు ముక్క గొంతులో అడ్డం పడింది. తూకం, బెల్టు, వెనక బెంచీ, పార్కింగు జాగా అన్నీ వరసగా బుర్రలో వెలిగాయి. నోట్లో ఆయన కోడి, సెల్లారులో ఆయన నీడ, ఎదురుగా ఆ పిల్ల. అప్పుడే చెప్పేయవలసింది. చెప్పాలనే నోరు తెరిచాడు. తెరిచిన నోరు చూసి స్వరూపరాణి ఇంకో ముక్క వేసింది.

"మా పిల్లకు బడి దొరుకుతది గద సార్?" అంది ఆవిడ.

"దొరక్కేమండి," అన్నాడు ప్రసన్నకుమార్.

అన్నాక సిగ్గుతో చచ్చిపోయాడు. ఒకరింట పిల్ల తన మాట నమ్ముకుని ఉన్న బడి పోగొట్టుకుంది. తెల్లారి ఆఫీసుకు సెలవు పెట్టి చంటి బడికి వెళ్ళాడు. ఇంట్లో మాత్రం పుస్తకాలు వచ్చాయేమో కనుక్కొస్తానన్నాడు. ప్రిన్సిపాల్ విజయదుర్గ మేడమ్ మర్యాదగానే విన్నారు. ఒకటో తరగతిలో కుర్చీ వేయడానికి కూడా చోటు లేదన్నారు. అతను బతిమాలాడు. ఆవిడ కుదరదన్నారు. మళ్ళీ బతిమాలాడు. ఇంకేమనాలో తోచక, చేతులు నలుపుకుంటూ, "కావాలంటే మా చంటి సీటే ఇచ్చెయ్యండి మేడమ్," అన్నాడు.

అతని ఊళ్ళో ఇలాంటివి మాటవరసకి అంటారు. మా ఇల్లు మీ ఇల్లనుకోండి అంటారు. అన్నవాడెవడూ ఇంటి కాగితాలు రాసివ్వలేదు, విన్నవాడెవడూ అడగలేదు. కాని మేడమ్‌గారికి పొద్దున లేస్తే సీట్ల కోసం వచ్చేవాళ్ళతోనే సరి, మాటవరసలకు తీరిక లేదు. ఆవిడ కళ్ళద్దాలు తీశారు.

"నిజంగానా?"

కాదు అనడానికి రెండక్షరాలు చాలు.

"అంటే... మీకు ఇబ్బంది లేకపోతేనే," అన్నాడు ప్రసన్నకుమార్.

"నాకేం ఇబ్బంది లేదండి," అని ఆవిడ క్లర్కును పిలిచి చంటి పేరు తీయించి అఖిల పేరు వేయించారు. ఇలాంటి తండ్రిని తన సర్వీసులో చూడలేదన్నారు. ఆ మాట నిజమే.

ప్రసన్నకుమార్ బస్సూ ఎక్కలేదు, మెట్రో ఎక్కలేదు. మే నెల ఎండలో నడుచుకుంటూ ఇల్లు చేరాడు. తన పిల్లవాడి బడిని తనే నోటితో ఊడబెరికి ఇచ్చి వచ్చాడు. పెళ్ళాం మొహం చూసే ధైర్యం లేదు. పుస్తకాలింకా రాలేదట అని చెప్పి చన్నీళ్ళు పోసుకున్నాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపు వారం దాకా రాలేదు.

ఈలోగా బడివాళ్ళు బాలమల్లుకు కబురు చేశారు. బాలమల్లు త్రినాథరావుకు చెప్పాడు. త్రినాథరావుకు మైకు దొరికితే అన్నం కూడా అక్కర్లేదు. ఆదివారం సాయంత్రం సెల్లారులో సభ పెట్టారు. బోరు మోటారు గురించి మీటింగనుకుని ప్రసన్నకుమార్ మృదులనూ చంటినీ వెంటబెట్టుకుని దిగాడు. తీరా చూస్తే బల్ల మీద శాలువా. "కన్నకొడుకు బడి సీటును పొరుగింటి ఆడబిడ్డకు ధారపోసిన దానశీలి," అని మొదలుపెట్టాడు త్రినాథరావు.

మృదుల భర్త వంక చూసింది. పెళ్ళయ్యాక ఆవిడ అతన్ని అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. అతను కొయ్యబారి శాలువా కప్పించుకున్నాడు. తర్వాత, జన్మలో మొదటిసారి, ఎవరూ అడగకుండానే మైకు తీసుకున్నాడు.

"అందరూ నన్ను క్షమించాలి. నేను ఇస్తానన్నది కారు సీటు. బడి సీటు కాదు. తప్పు నాదే. బాలమల్లుగారికి చెప్పలేక ఇంతదాకా తెచ్చాను."

కారు దగ్గరికి పరుగెత్తి డిక్కీలోంచి సీటు తెచ్చి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. త్రినాథరావు మైకు లాక్కుని, ఇంత త్యాగం చేసి దాన్నొక పొరపాటని హాస్యంగా తేల్చేయడమే సంస్కారమంటే అన్నాడు. చప్పట్లు మారుమోగాయి. పిల్లలు ఈలలేశారు. ఆ సందట్లో కింద పెట్టిన కారు సీటును ఎవరో పట్టుకుపోయారు. ఎవరో ఇంతవరకు తేలలేదు.

ఇంటికెళ్ళాక మృదుల ఏడవలేదు, అరవలేదు. "రేపు వెళ్ళి వాడి సీటు వెనక్కి తీసుకురండి. అడగడం రాకపోతే ఏడవండి, ఇస్తారు," అంది. అతను ఏడవడానికి సిద్ధపడే పడుకున్నాడు.

తెల్లవారి చొక్కా తొడుక్కుంటుంటే బాలమల్లు వచ్చాడు. పక్కన అఖిల, కొత్త యూనిఫాంలో, టై వంకరగా. నిన్న అందరూ చప్పట్లు కొడుతుంటే చేతులు కట్టుకుని నిలబడిన మనిషి బాలమల్లు ఒక్కడే.

"నిన్న మీరు చెప్పిందే నిజం గద సార్?"

"నిజమేనండి. మీ ఇంట్లో కూర్చుని తింటూ చెప్పలేకపోయాను. సిగ్గేస్తోంది."

"సిగ్గు మాకు గూడ ఉన్నది సార్. బడి సీటుకు తూకమెందుకు, బెల్టెందుకని ఒక్కపారి గూడ అడగలే. నేనే పోయి మేడంకు చెప్త. గా సీటు మీ పిలగానికే తిరిగి ఇప్పిస్త. మా పిల్లను సరూర్‌నగర్‌లనే ఏస్తం, గాడ ఇంక ఖాళీనే ఉన్నదంట. మీరు ఊఁ అనుండ్రి, చాలు."

వంటింట్లో మృదుల గాజుల చప్పుడు ఆగిపోయింది. పోయిన చంటి బడి దానంతటదే వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఒక్క ఊఁ అంటే చాలు. పోపు మాడుతున్న వాసన వస్తోంది, మృదుల కదలడం లేదు. అఖిల టై సర్దుకుని తాతయ్య వంకా, అతని వంకా చూసింది. ప్రసన్నకుమార్ నోరు తెరిచాడు.

"అబ్బే, పర్వాలేదండి. ఉంచుకోండి."

మాటవరసకి అన్నాడో, మనసులోంచే అన్నాడో, అతనికీ తెలియలేదు. బాలమల్లు కళ్ళు తుడుచుకున్నాడు. "మీ మాట కాదంటే నాకు పాపం తగుల్తది సార్," అని దండం పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

జూన్‌లో చంటి సరూర్‌నగర్ బడిలో, అఖిల వదిలిన చోట చేరాడు. ఇప్పుడు ప్రసన్నకుమార్ ఇంటి గంట ఎవరు కొట్టినా తలుపు మృదులే తీస్తుంది.