రిజిస్టరులో తాత, కంచంలో తొడ

పుస్తకాల్లో పేర్లు ఎక్కించే గుమాస్తాలారా, ఈ పాపం మీది. ఎదురుగా నిలబడ్డ పిల్లవాణ్ణి ఇంకొక్క మాట అడిగి రాసి ఉంటే నందివెలుగులో కోడి తొడ చేతులు మారేదే కాదు.

ఆ తొడ పదకొండేళ్ళుగా అడవులదీవి పౌలుది. తెనాలిలో బడిపంతులు, నందివెలుగు పుల్లమ్మగారి పెద్దల్లుడు. ఆ ఇంట్లో కోడి కోస్తే ఒక తొడ మామగారికి, రెండోది పెద్దల్లుడికి. చిన్నల్లుడు కట్టుపల్లి అంద్రెయ రేపల్లెలో కాంపౌండరు. వయసులో పౌలుకన్నా మూడేళ్ళు పెద్ద. అయినా చిన్న కూతుర్ని చేసుకున్న పాపానికి మెడ ముక్క కొరుక్కుంటూ పౌలుని "అన్నయ్యా" అనేవాడు. ఆ పిలుపుకే పౌలుకి సగం కడుపు నిండేది.

1972లో ఆ కడుపు మండింది. రేపల్లె చర్చికి డెబ్బై అయిదేళ్ళు నిండుతున్నాయి. మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ మనవళ్ళకి ముందు వరసలో కుర్చీలు, మెడలో దండలు అన్నారు పాస్టరుగారు. అంద్రెయ తాత పేరు అందరికన్నా ముందుందట. పౌలుకి తన తాత పేరే తెలియదు. తండ్రి యోహాను చిన్నతనంలోనే బాపట్ల బోర్డింగులో పడ్డాడు. ఇంటి మాట ఎత్తేవాడు కాదు, ఎత్తకుండానే పోయాడు.

"వాడు కుర్చీలో, నేను చాప మీదానా?" అన్నాడు పౌలు, శనివారం పొద్దున్నే చొక్కా తొడుక్కుంటూ.

"చాప మీద కూచుంటే అరిగిపోతారా ఏంటి?" అంది భార్య సువార్తమ్మ.

"ఊరుకో. బాపట్లలో తాత పేరు చూస్తా, ఆ పేరు రేపల్లె రిజిస్టరులో ఉందేమో చూస్తా, సాయంత్రం బండికి ఇంట్లో ఉంటా."

సెలవు చీటీలో ఏదో ఒక కారణం ఉండాలి కనక "తాతగారికి సుస్తీగా ఉన్నందున" అని రాసి పంపాడు. మనసంతా తాత మీదే ఉంది మరి.

బాపట్ల బోర్డింగులో పాత పుస్తకం దుమ్ము దులిపించాడు. యోహాను, ఇంటిపేరు అడవులదీవి, తండ్రి ఆదాము. తాత దొరికాడు. అదే ఊపులో రేపల్లె బస్సెక్కాడు. అక్కడి రిజిస్టరులో మొదటి పేజీ, మొదటి పేరు ఆదామే. ముందున్న ఇంటిపేరు మాత్రం కట్టుపల్లి. అసూయ పట్టినవాడికి కిందిదాకా చదివే ఓపిక ఉండదు. పుస్తకం ఠపీమని మూశాడు.

"మా తాత పేరు ముందు అంద్రెయవాళ్ళ ఇంటిపేరు దూర్చారండి. దొంగరాత ఇది."

"రెండింటికీ సిరా ఒకటేగా బాబూ," అన్నారు పాస్టరుగారు.

"సిరా కూడా సంపాదించుంటారండి. కాంపౌండర్లు ఏ సీసాలో ఏం కలుపుతారో మనకేం తెలుసు?"

రేపు ఆరాధన కాగానే రిజిస్టరు సంఘమంతా వినేలా చదవాలని అక్కడికక్కడే అర్జీ రాసిచ్చాడు. ఈలోగా సాయంత్రం బండి తప్పిపోయింది. ఊళ్ళో ఎరిగిన ఇల్లు అంద్రెయదొక్కటే. అంద్రెయ చేపల పులుసు పెట్టించి, తన పరుపు అతనికిచ్చి, తను నేల మీద పడుకున్నాడు. ఆ మంచితనానికి పౌలు ఒళ్ళు ఇంకా మండింది.

ఆదివారం పొద్దున్నే హెడ్మాస్టరు ప్రకాశరావుగారు డజను బత్తాయిలతో తెనాలిలో పౌలు ఇంటికొచ్చారు. ఆయనది జాలిగుండె. పైగా సెలవు చీటీలు నమ్మే అలవాటు లేదు.

"తాతగారికెలా ఉందమ్మా?"

సువార్తమ్మ కుర్చీ వేసింది. "రేపల్లెలో ఉన్నారండి, మా మరిదిగారి ఊళ్ళో."

హెడ్మాస్టరుగారు బత్తాయిలతో సహా రైలెక్కారు.

చర్చిలో ఆరాధన ముగిసింది. పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. "కట్టుపల్లి ఆదాము. ఊరు అడవులదీవి. పెద్దకొడుకు దానియేలు. రెండో కొడుకు యోహాను. పక్కన తర్వాత చేర్చింది ఇంకో ముక్కుంది: యోహాను బాపట్ల బోర్డింగునకు పంపబడెను."

"దానియేలు మా నాన్న," అన్నాడు అంద్రెయ మెల్లగా. "బోర్డింగుకి పంపారని అలిగి ఇంటికే రాని తమ్ముడొకడున్నాడని చెప్పేవాడు."

అప్పుడు వెలిగింది పౌలుకి. బోర్డింగు గుమాస్తా ఇంటిపేరు అడగలేదు. ఏ ఊర్రా అని అడిగి, పిల్లవాడు చెప్పిన ఊరినే ఇంటిపేరు గడిలో పడేసి చేతులు దులుపుకున్నాడు.

అంద్రెయ ఇంటి దగ్గర వాకబు చేసి, అప్పుడే బత్తాయిల సంచీతో లోపలికొచ్చిన హెడ్మాస్టరుగారు అడిగారు, "తాతగారెక్కడండీ?"

"మొదటి పేజీలో ఉన్నారండి," అన్నారు పాస్టరుగారు.

హెడ్మాస్టరుగారు పేజీని చూశారు, పౌలుని చూశారు. ఒక బత్తాయి వొలుచుకుని తను తిన్నారు. తక్కినవి అంద్రెయ చేతిలో పెట్టారు.

చర్చి పండుగ రోజున పౌలుకి కుర్చీ దొరికింది, దండా పడింది. కుర్చీ రెండోది, అంద్రెయ పక్కన. ఆ మర్నాడు నందివెలుగులో కోడి కోశారు. పుల్లమ్మగారి గరిటె తొడతో పౌలు కంచం దాకా వచ్చి, ఆగి, పక్కకి తిరిగింది.

"ఇన్నాళ్ళూ తెలీక తప్పు చేశాను నాయనా అంద్రెయా. కూతుళ్ళని బట్టి మేమిచ్చిన పెద్దరికం అది. ఇది దేవుడిచ్చింది."

"అన్నయ్యకే పెట్టండత్తయ్యా," అన్నాడు అంద్రెయ, అలవాటు కొద్దీ.

"అన్నయ్యేంటి? నువ్వే అన్నవి. పౌలూ, అన్నయ్యని తినమను."

పౌలు తన కంచంలోని మెడ ముక్కని చూశాడు. "తిను, అన్నయ్యా," అన్నాడు చివరికి.

"అర్జీ పెట్టి మరీ చదివించుకున్నారు," అంది సువార్తమ్మ, మజ్జిగ పోస్తూ.

కాబట్టి గుమాస్తాలు ఇకనైనా ఇంటిపేరు అడిగి రాయాలి. తాతల్ని వెతికేవాళ్ళు పేజీ అడుగుదాకా చదవాలి. నందివెలుగులో మాత్రం ఇకమీదట రెండు కోళ్ళు కొయ్యాలి.