నాలుగో బటన్

"ఈ దేశంలో పిల్లలు ఎదిగిపోయారు" అని ప్రసారాల శాఖ మంత్రిగారు ప్రకటించారు.

ప్రకటించి, ఫొటోల కోసం కాసేపు ఆగారు. ఆ కాసేపూ ఆయన ముఖంలో, పిల్లలందర్నీ తానే ఉగ్గుపట్టి పెంచినంత తృప్తి కనిపించింది. నేను నా కళ్ళజోళ్ళ దుకాణంలో గోడమీద టీవీలో చూస్తున్నాను. అద్దాలు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ళకి కాలక్షేపంగా ఉంటుందని ఆ టీవీ పెట్టాను. కళ్ళజోడు నా చేతికిచ్చి కూర్చుంటారు కనక వాళ్ళకి బొమ్మ సరిగా కనిపించదు, మాట మాత్రం వినిపిస్తుంది. మంత్రిగారి ప్రెస్‌మీట్‌కి అంతకంటే అక్కర్లేదు.

మంత్రిగారి చేతిలో ఒక నివేదిక ఉంది. అందులో పదేళ్ళలోపు పిల్లలు ఏమేం చూస్తున్నారో ఉంది. మొదటి స్థానం, పొద్దున పదకొండింటికి వచ్చే "మోకాలు మొరాయిస్తే" అనే ఆరోగ్య కార్యక్రమానిది. రెండోది, కోడలికి పాలల్లో విషం కలిపే సీరియల్. మూడోది, నలుగురు నాయకులు ఒకేసారి అరిచే చర్చ.

"పదకొండింటికి పిల్లలు బడిలో ఉండరా సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"ఉంటారు. అయినా చూస్తున్నారు. అదీ వాళ్ళ దీక్ష!" అన్నారు మంత్రిగారు.

అంతటి పరిణతి సాధించిన పిల్లలకి ఇంకా కుక్కపిల్లలూ కుందేళ్ళూ చూపించడం వాళ్ళని అవమానించడమే అన్నారు. ప్రైవేటు టీవీ కంపెనీలు పిల్లల కోసం విడిగా కార్యక్రమాలు వెయ్యాలన్న పాత నిబంధనని ఆ క్షణం నుంచే రద్దు చేస్తున్నానన్నారు. పక్కనే కూర్చున్న టీవీ కంపెనీ యజమాని కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఇరవయ్యేళ్ళుగా జనం కళ్ళల్లోకి చూసి బతుకుతున్నవాణ్ణి. అవి ఆనందబాష్పాలు.

ఆ యజమానిదే యాభై ఎనిమిదో నంబరు ఛానెల్. మొదట్లో రోజంతా పిల్లలదే. తర్వాత పొద్దుటి పూట చపాతీల యంత్రాలు అమ్మేవాళ్ళకి ఇచ్చారు. మధ్యాహ్నాలు పాత సీరియల్స్‌కి ఇచ్చారు. చివరికి పిల్లలకి మిగిలింది సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర. ఆ అరగంటలో గీతల తాత అని ఒక ముసలాయన బొమ్మలు వేసేవాడు. మొదట్లో ఆయన వెనకాల ఒక కిటికీ, చెట్టు ఉండేవి. చెట్టు తీసేశారు. తర్వాత కిటికీ తీసేశారు. ఆఖరి నెలల్లో ఒక తెల్ల కాగితం, ఆయన చెయ్యి మాత్రమే కనిపించేవి.

మా అమ్మాయికి ఆ చెయ్యి చాలు. దానికి ఏడేళ్ళు. అసలు పేరు బడి రిజిస్టర్లో ఉంది, ఇంట్లో అందరం గుండుసూది అంటాం. సన్నగా ఉంటుంది, ప్రశ్న అడిగిందంటే దిగబడుతుంది. రోజూ ఐదింటికి పెన్సిలు చెక్కుకుని కూర్చునేది. తాత సగం బొమ్మ వేసి, "మిగతాది మీరు గీసుకోండి. ఇది ఎవరో రేపు ఐదింటికి చెప్పుకుందాం" అనేవాడు. మర్నాడు తాత బొమ్మ పూర్తి చేసేదాకా దీనికి అన్నం సయించేది కాదు.

ఆఖరి రోజున ఆయన కోడిగుడ్డంత చక్కని గుండ్రం ఒకటి గీశాడు. దానిమీద రెండు పొడుగాటి చెవులు పెట్టాడు. ముఖం ఖాళీగా వదిలేశాడు. మర్నాడు ఐదింటికి యాభై ఎనిమిది నొక్కితే తెరంతా నీలంగా ఉంది. మధ్యలో "సిగ్నల్ లేదు" అని రాసి ఉంది.

"నాన్నా, తాత రాలేదేం?"

"ఛానెల్ మూసేశారమ్మా."

"ఎందుకూ?"

"మీరంతా ఎదిగిపోయారట."

గుండుసూది లేచి, దాని ఎత్తు గీతలు గీసుకునే తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. నెత్తిమీద స్కేలు పెట్టుకుని చూసుకుంది.

"పోయిన నెల ఎంతున్నానో అంతే ఉన్నాను" అంది. "మంత్రిగారికి ఎవరో తప్పు చెప్పారు నాన్నా."

నాకు జాలేసింది. ఎవరు చెప్పి ఉంటారా అని ఆలోచిస్తూ తల తిప్పితే, సోఫాలో మా అమ్మ కనిపించింది.

ఇక్కడ మా ఇంటి రహస్యం ఒకటి చెప్పాలి. రెండేళ్ళ క్రితం సర్వే కంపెనీవాళ్ళు వచ్చి మా టీవీకి ఒక డబ్బా తగిలించారు. ఇంట్లో ఎవరు ఏది చూస్తున్నారో అది లెక్కేసి పంపుతుంది. దానికో చిన్న రిమోట్, నాలుగు బటన్లు. ఒకటి నాది, రెండు మా ఆవిడది, మూడు మా అమ్మది, నాలుగు గుండుసూదిది. ఎవరు చూస్తుంటే వాళ్ళ బటన్ నొక్కాలి, డబ్బామీద వాళ్ళ దీపం వెలుగుతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. మా అమ్మ ఆ సాయంత్రానికే వీధి మొత్తానికి చెప్పేసింది.

ఎనిమిది నెలల క్రితం మూడో బటన్ లోపలికి దిగిపోయి మళ్ళీ పైకి రాలేదు. నేను కంపెనీకి తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. నా ఫిర్యాదు వాళ్ళకి ఎంతో ముఖ్యమని తొమ్మిదిసార్లూ చెప్పారు. మా అమ్మ చూస్తే నీతి గల మనిషి.

"చూస్తూ కూడా నొక్కకపోతే టిక్కెట్టు లేకుండా బస్సెక్కినట్టు కాదట్రా? మనవరాలిదైతేనేం, నాదైతేనేం" అని నాలుగో బటన్ నొక్కడం మొదలుపెట్టింది.

అప్పటికే మా అమ్మ ఛానెల్ మార్చేసింది, టీవీలో "మోకాలు మొరాయిస్తే" మళ్ళీ వేస్తున్నారు. మా అమ్మ స్టూలు మీద కాళ్ళు చాపుకుని, మోకాలికి నూనె రాసుకుంటూ చూస్తోంది. డబ్బామీద నాలుగో దీపం దేదీప్యమానంగా వెలుగుతోంది. మంత్రిగారు మెచ్చుకున్న బాలలోకం మా సోఫాలోనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు దుకాణం మూసి ప్రసారాల శాఖ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఒక అధికారి ఎంతో ఓపికగా నా మాట విన్నాడు.

"సార్, మోకాళ్ళ కార్యక్రమం చూసే ఆ పిల్ల మా అమ్మండీ."

ఆయన ఫైలు తిరగేశాడు. "నాలుగో బటన్. బాలిక. వయసు ఏడు."

"డెబ్బై ఒకటండీ."

"ఏడు అంకె సరిపోయింది కదా. పక్కనున్న ఒకటి మీ ఇంటి విషయం."

"మా ఒక్క ఇంటిని బట్టి దేశంలో పిల్లలందరూ..."

"ఒక్క ఇల్లేమిటండీ! ఈ ప్రాంతంలో పిల్లలున్న డబ్బా ఇళ్ళు మూడున్నాయి. ఒకచోట డబ్బా కాలిపోయింది. ఇంకోచోట పిల్లాడికి పదకొండేళ్ళొచ్చాయి. మిగిలినవన్నీ కలిపే లెక్కేశాం."

"మిగిలినవన్నీ అంటే?"

"మీ ఇల్లు."

నివేదికని సరిదిద్దమని బతిమాలాను. ఆయన నొచ్చుకున్నాడు. "మంత్రిగారు మాట్లాడకముందు వచ్చుంటే అది పొరపాటు. మాట్లాడేశారు కనక అది విధానం" అన్నాడు. తర్వాత ముందుకు వంగి, "మీ అమ్మాయి రోజుకి ఎంతసేపు చూసేది?" అనడిగాడు.

"అరగంట."

"మీ అమ్మగారు?"

"ఏడు గంటలు."

"మరి మెజారిటీ ఎవరిది? మీరే చెప్పండి."

ఆయన లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఉత్తమ బాల ప్రేక్షకురాలిని మంత్రిగారు ఇంటికొచ్చి సత్కరించాలనుకుంటున్నారనీ, చిరునామా దొరక్క వారంరోజులుగా తల ప్రాణం తోకకొచ్చిందనీ చెప్పాడు.

ఆదివారం పొద్దున మంత్రిగారు వచ్చారు. ముందు కెమెరాలు వచ్చాయి, వాటికి అడ్డమని మా భోజనాల బల్ల వరండాలోకి వెళ్ళింది. మంత్రిగారి వెనక ఒక మనిషి రిబ్బను కట్టిన ఎర్ర సైకిల్ మోసుకొచ్చాడు. చిన్నది, వెనక రెండు పక్క చక్రాలున్నాయి. సోఫాలో ఉతికిన చీర కట్టుకుని మా అమ్మ కూర్చుంది. మంత్రిగారు ఆవిణ్ణి చూశారు. ఫైలు పట్టుకున్న అధికారిని చూశారు. వెలుగుతున్న కెమెరా దీపాన్ని చూశారు. మామూలు మనిషైతే తడబడిపోయేవాడు.

"పాపా, బాగున్నావా?" అన్నారు మంత్రిగారు.

మా అమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు. "బాగానే ఉన్నాను నాయనా. నువ్వేంటి, ఇలా చిక్కిపోయావు?" అంది.

"పెద్దయ్యాక ఏమవుదామని?"

"ఇంకానా?"

"విన్నారా!" అన్నారు మంత్రిగారు కెమెరాల వైపు తిరిగి. "ఈ వయసులో ఎంత వైరాగ్యం!"

అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే గుండుసూది వెళ్ళి మంత్రిగారి చొక్కా అంచు పట్టుకుని లాగింది. దాని చేతిలో చెవుల బొమ్మ ఉంది.

"అంకుల్, ఇది ఎవరు? గీతల తాత మీకేమైనా చెప్పాడా?"

"ఈ పాప ఎవరయ్యా?" అన్నారు మంత్రిగారు.

అధికారి ఫైలు చూశాడు. "రికార్డు ప్రకారం ఈ ఇంట్లో పిల్ల ఒక్కరే సార్. సోఫాలో ఉన్నారు."

గుండుసూదిని ఎవరో మెల్లిగా జరిపి కెమెరాకి అందకుండా నిలబెట్టారు. అది ఏడవలేదు, కాగితం మడిచి గుండెలకి ఆనించుకుంది. నాకు అక్కడున్న అందర్నీ పేరుపేరునా తిట్టాలనిపించింది. కానీ మంత్రిగారు నాకు షేక్‌హ్యాండిస్తున్నారు, నేను నవ్వుతున్నాను. మర్నాడు పేపర్లో సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ మా అమ్మ పక్కన నా నవ్వు బాగానే పడింది.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

"ఏమండీ, ఆ మూడో బటన్ బాగుచేయిస్తారా, ఆ డబ్బాని నన్నే పెరట్లో పాతిపెట్టమంటారా?" అంది.

ఆ అవసరం రాలేదు. పేపర్లో ఫొటో చూసిన సర్వే కంపెనీ, తొమ్మిది ఫోన్లకి కదలని మెకానిక్కుని మర్నాడు మధ్యాహ్నానికల్లా పంపింది. అతను రిమోట్ విప్పి, మూడో బటన్ కింద గడ్డకట్టిన మోకాళ్ళ నూనె గీకి తీశాడు. మా అమ్మ అదే పనిగా గోడవైపు చూస్తూ కూర్చుంది. పోతూ పోతూ అతను గుండుసూదికి రిమోట్ చూపించాడు.

"ఇదిగో, ఈ నాలుగోది నీ బటన్. నువ్వొక్కసారి నొక్కావంటే నలభై వేలమంది పిల్లలు నొక్కినట్టు."

"నాకు తాత కావాలంటే వాళ్ళందరికీ కావాలన్నట్టేనా?"

"అంతేగా మరి!"

ఆ రోజు నుంచి గుండుసూది సాయంత్రం ఐదు కాగానే యాభై ఎనిమిది పెట్టి, నాలుగో బటన్ నొక్కి, కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నీలం తెర, మధ్యలో "సిగ్నల్ లేదు". ఐదున్నర దాకా రెప్ప వెయ్యకుండా చూసి లేచిపోయేది.

"ఎందుకే కళ్ళు పాడుచేసుకుంటావు?" అన్నాను ఒకరోజు, వృత్తిధర్మంగా.

"నలభై వేలమంది ఎదురుచూస్తుంటే తాత రాకుండా ఉంటాడా నాన్నా?" అంది.

అలా నెల గడిచింది. మంత్రిగారు మళ్ళీ ప్రెస్‌మీట్ పెట్టారు. చేతిలో కొత్త నివేదిక ఉంది. పిల్లలు మోకాళ్ళని దాటి ముందుకి వెళ్ళిపోయారన్నారు. విషం సీరియల్‌ని వదిలేశారన్నారు. ఇప్పుడు పదేళ్ళలోపు పిల్లల్లో నూటికి నూరుమంది చూస్తున్నది యాభై ఎనిమిదో నంబర్లో వచ్చే నీలం తెర అన్నారు.

"అందులో హింస లేదు. అశ్లీలం లేదు. కులం లేదు, మతం లేదు, భాషాభేదం లేదు. ఇంత స్వచ్ఛమైన పిల్లల కార్యక్రమం ప్రపంచంలో ఎక్కడుందో చూపించండి!"

"అది ఛానెల్ లేక వస్తున్న తెర కదా సార్?" అన్నాడు పాత విలేకరి.

"మీరు పెద్దవారైపోయారు. మీకు అర్థం కాదు."

రేపు సాయంత్రం ఐదింటి నుంచి "నీలం తెర"ని అధికారికంగా ప్రసారం చేస్తామన్నారు. మోకాళ్ళ నూనె కంపెనీ సమర్పిస్తుందన్నారు. పక్కన యజమాని మళ్ళీ కళ్ళజోడు తీశాడు. కార్యక్రమంలో ఏమీ మార్చబోమనీ, మారిస్తే పిల్లలు ఊరుకోరనీ మంత్రిగారు హామీ ఇచ్చారు. మధ్యలో ఉన్న అక్షరాలు మాత్రం తీసేసి, ఆ చోట తన ఫొటో పెట్టిస్తామన్నారు.

మర్నాడు నేను దుకాణం తొందరగా కట్టేసి ఇంటికెళ్ళాను. ఐదు కావస్తోంది. గుండుసూది నాలుగో బటన్ నొక్కింది. నీలం తెర ఒక్కసారి వణికింది. "సిగ్నల్ లేదు" మాయమైంది. ఎక్కడినుంచో సన్నాయి మోగింది.

"తాత!" అని గుండుసూది మోకాళ్ళమీద లేచింది.

తెర మధ్యలో కోడిగుడ్డంత చక్కని గుండ్రంలో మంత్రిగారి ముఖం వచ్చింది. వచ్చి అలాగే ఉండిపోయింది. గుండుసూది తెరని చూసింది. ఒళ్ళో ఉన్న కాగితాన్ని చూసింది. మళ్ళీ తెరని చూసింది. దాని ముఖం మెల్లిగా వికసించింది. పెన్సిలు తీసుకుని, నాలుక కొస బయటపెట్టి, అరగంట సేపు తలెత్తుతూ దించుతూ గీసింది.

ఐదున్నరకి కాగితం నా చేతికిచ్చింది. రెండు పొడుగాటి చెవుల కింద దళసరి మీసం, బుగ్గమీద పుట్టుమచ్చ, నలుచదరపు కళ్ళజోడు. ఆ కళ్ళజోడు నా దుకాణంలో ఉండే రకమే, కొలతలు కూడా బాగా కుదిరాయి.

"తాత చెప్పేశాడు నాన్నా" అంది. "చెప్పినట్టే సరిగ్గా ఐదింటికి!"

మా అమ్మ కాగితం తీసుకుని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూసింది. "అచ్చు దిగిపోయిందే!" అంది.

గుండుసూది నాలుగో దీపం ఆర్పేసింది. వరండాలో ఉన్న ఎర్ర సైకిల్‌కి రిబ్బను పీకేసి, ఎక్కి వీధిలోకి వెళ్ళిపోయింది.