ఈరోజు ఎవరి పుట్టినరోజూ కాదు

నీలగుంట పురపాలక సంఘం హైమావతిని ఆరడుగుల ఫ్లెక్సీ బోర్డుగా నమోదు చేసుకుని కాగితం మీద ముద్ర వేసిన నిమిషానికే, ఆమె రెండు కాళ్ళూ సరుగుడు కర్రల్లా బిగుసుకుని గ్రంథాలయం ముందు నేలలోకి దిగబడ్డాయి. అప్పుడు సోమవారం పొద్దున పదకొండు గంటలైంది. పేపరు చదవడానికి వచ్చినవాళ్ళు బోర్డు పక్కనుంచి తప్పుకుని లోపలికి వెళ్ళారు. సరిగ్గా గుమ్మానికి అడ్డంగానే పాతాలా అని ఒక పెద్దాయన విసుక్కున్నాడు. అంతకుమించి ఎవరికీ ఇందులో వింతేమీ కనిపించలేదు.

హైమావతి మణిదీప గ్రాఫిక్స్‌లో పదకొండేళ్ళుగా ఫ్లెక్సీలు తయారు చేస్తోంది. నీలగుంట నాయకుల నల్లటి ముఖాలను తెల్లబరిచిందీ, బట్టతలల మీద జుట్టు మొలిపించిందీ, రెండో గడ్డాలను చెరిపేసిందీ ఆమే. ఏ ముఖం ఎన్ని అంగుళాలుండాలో ఊళ్ళో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పైన గుండ్రటి చట్రాల్లో పెద్దవాళ్ళు, మధ్యలో నిలువెత్తున పుట్టినరోజు మనిషి, కింద వరసలో చేతులు జోడించి శుభాకాంక్షలు చెప్పేవాళ్ళు. కుడివైపు అడుగు మూలలో, చీమ తలకాయంత అక్షరాలతో, బోర్డు తయారు చేసినవాళ్ళ పేరూ ఫోను నంబరూ. ఇన్నేళ్ళ చాకిరీకి హైమావతికి దక్కిన చోటు ఆ మూల ఒక్కటే.

ఒక్కసారైనా తన సొంత బోర్డు ఒకటి వేయాలని ఆమెకి మనసు పీకేది. డిజైనూ తనదే, నిలబడేదీ తానే. పసుపు గుడ్డ మీద నల్లటి అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం రాసుకుంది: "ఈరోజు ఎవరి పుట్టినరోజూ కాదు." గుడ్డ మధ్యలో గుండ్రంగా కత్తిరించి అందులోంచి ముఖం బయటపెట్టింది. నవ్వకూడదు, ఎవరికీ దణ్ణం పెట్టకూడదు, పొద్దంతా మాట్లాడకూడదు. సాయంత్రం అయిదింటికి ప్రదర్శన ముగించి ఇంటికి వెళ్ళిపోవాలని ఆమె లెక్క.

అనుమతి కోసం వెళ్ళడమే ఆమె చేసిన పొరపాటు. పట్టణ ప్రణాళికా విభాగంలో గోవర్ధనం అనే గుమాస్తా ఆమె చెప్పిందంతా ఓపికగా విన్నాడు.

"కళా ప్రదర్శనంటే కల్యాణమండపంలో పెట్టుకోండమ్మా. వీధిలో అంటారా, మా దగ్గరున్నది ఫ్లెక్సీ దరఖాస్తు ఒక్కటే" అన్నాడు.

ఆమె అదే నింపింది. ఎత్తు ఆరడుగులు, వెడల్పు నాలుగు. "పుట్టినరోజు ఎవరిది?" అన్న గడిలో "ఎవరిదీ కాదు" అని రాసింది. పదకొండేళ్ళు ఈ పనిలో మగ్గిన మనిషి ఆ మాట రాయకూడదు. నీలగుంటలో ఖాళీ చోటు ఎంతసేపు ఖాళీగా ఉంటుందో ఆమెకి తెలియనిది కాదు. కానీ కళ నెత్తికెక్కినప్పుడు ఈ మాత్రం బుద్ధి ఎవరికుంటుంది?

సాయంత్రం అయిదైంది. కాళ్ళు కదల్లేదు. గోవర్ధనం ఇంటికెళ్తూ ఆగి విషయం విడమరిచి చెప్పాడు. ఫ్లెక్సీకి గడువు పదిహేను రోజులు. పెంచడానికి వీలుంది, తగ్గించడానికి లేదు.

"పదిహేను రోజులంటే ఎలాగండీ? వచ్చే వారం శుక్రవారం మా పాప పుట్టినరోజు. దానికి ఏడు నిండుతాయి. నేను ఇంట్లో ఉండాలి" అంది హైమావతి. మౌనం అక్కడితో సరి.

"దానికేం భాగ్యం! బోర్డులో అన్నిటికన్నా పెద్ద ముఖం ఎవరిదైతే వాళ్ళు సంతకం పెడితే గడువుకి ముందే తీసేస్తాం. ఉన్నది మీ ముఖమొక్కటేగా. రేపు కాగితం తెస్తా."

మాట ప్రకారం మర్నాడు తెచ్చాడు కూడా. కానీ అతనికంటే అరగంట ముందే, నిచ్చెన భుజాన వేసుకుని ఆ వార్డు సభ్యుడు చింతల సత్తిరాజు దిగబడ్డాడు. తన వార్డులో తన ముఖం లేని బోర్డు చూసేసరికి ఆయనకి రాత్రి అన్నం సహించలేదట. ఈ బోర్డు నిజం మనిషి ముఖంతో నమోదైంది గనక ఫోటోలు చెల్లవు, ముఖాలు స్వయంగా రావాలి. ఆయన పై వరసలో పన్నెండంగుళాల రంధ్రం చేయించుకుని, నిచ్చెనెక్కి, వెనకనుంచి తల పెట్టాడు. ఆ కొలతకి తగ్గట్టుగా హైమావతి ముఖం తొమ్మిది అంగుళాల నుంచి ఆరుకి తగ్గింది. నొప్పేమీ లేదు. చెవులు కాస్త దగ్గరకి జరిగాయంతే.

గోవర్ధనం తెచ్చిన కాగితం ఇప్పుడు సత్తిరాజు చేతికి వెళ్ళింది.

"అదేంటమ్మా, నేనున్న బోర్డుని నేనే పీకించుకుంటే జనం ఏమనుకుంటారు? పనైపోయిందనుకోరూ?" అన్నాడాయన పైనుంచి, నొచ్చుకుంటూ.

ఇక మొదలైంది తంతు. బుధవారానికి ఆరు ముఖాలు, శనివారానికి పదిహేడు. అందరూ పొద్దున తొమ్మిదికల్లా వచ్చి తలలు పెట్టేవారు. మధ్యాహ్నం భోజనానికి గంట విరామం. ఒకాయనకి పక్కాయన తల తనకన్నా అరంగుళం పెద్దదని బాధ. ఇంకొకాయనకి తన చట్రానికి బంగారు అంచు లేదని అలక. ఎండ ఒకవైపే పడి ముఖం నల్లగా కనిపిస్తోంది, కాస్త తెల్లగా చెయ్యమ్మా అని మరొకాయన ప్రాణం తీసేవాడు. డిజైనరు బోర్డులోనే ఉంది గనక అందరూ ఆమెనే అడిగేవారు. ఆమె పళ్ళు కొరుక్కుంటూనే సరిచేసేది. చేయకపోతే బోర్డు చూడ్డానికి అసహ్యంగా ఉండేది, అది మాత్రం ఆమె భరించలేదు.

ప్రతి సవరణకీ ఆమె ముఖం తగ్గుతూ వచ్చింది. నాలుగంగుళాలు, రెండు, ఒకటి. వాక్యం మరీ మొహాన కొట్టినట్టుందని దాని కింద "అయినా అందరికీ హార్దిక శుభాకాంక్షలు" అని చేర్చారు. ఆదివారం నాటికి హైమావతి కుడివైపు అడుగు మూలకి చేరింది. ఫోను నంబరు ఉండే చోటది. జిల్లా కేంద్రం నుంచి వచ్చిన ఒక కళా విమర్శకుడు బోర్డు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఈ కృతిలో కళాకారిణి ఎక్కడా కనిపించకపోవడమే దీని బలమని పత్రిక కోసం అక్కడే నిలబడి రాసుకున్నాడు. రాసేటప్పుడు ఆయన చెప్పు ఆమె మీదే ఉంది.

పన్నెండో రోజు శుక్రవారం. భర్త వీరభద్రం పాపని తీసుకొచ్చాడు. హర్షిణి కొత్త గౌను వేసుకుని, బళ్ళో పంచడానికి చాక్లెట్ల పొట్లం పట్టుకుని ఉంది. ఈమధ్యే కూడబలుక్కుని చదవడం వచ్చింది దానికి. తల పైకెత్తి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివింది. చదివాక చాలాసేపు వెతికితే గానీ మూలలో అమ్మ కనిపించలేదు.

"అమ్మా, ఇవాళ నాదే కదా?" అంది.

తానేం రాసిందో హైమావతికి అప్పుడు తెలిసొచ్చింది. పదకొండేళ్ళుగా ఊళ్ళో అడ్డమైనవాళ్ళ పుట్టినరోజులన్నీ అంగరంగవైభవంగా జరిపించి, కన్నబిడ్డ పుట్టినరోజు నాడు ఇది ఎవరిదీ కాదని నడివీధిలో తానే రాసిపెట్టింది. ఏ రోజుకైనా చెల్లే వాక్యమని మురిసిపోయిందే గానీ, ఈ ఒక్కరోజు గుర్తుకు రాలేదు.

"సత్తిరాజుగారూ, మీకు దణ్ణం పెడతాను. నన్ను ఇంటికి పంపించకపోతే పోయారు, ఆ వాక్యం ఒక్కటి తీయించండి. ఇవాళ్టికి చాలు" అంది.

కబురందుకుని వచ్చిన గోవర్ధనం ఫైలు తిరగేశాడు. అనుమతి ఇచ్చింది ఆ వాక్యానికేననీ, అది తీసేస్తే మిగిలినదంతా అక్రమ బోర్డు అవుతుందనీ, అక్రమ బోర్డుని మనుషులతో సహా చింపేయాల్సి ఉంటుందనీ చెప్పాడు. పదిహేడు ముఖాలూ ఒక్కసారిగా పాలిపోయాయి. సత్తిరాజు మాత్రం కరిగిపోయాడు. ఆయన చెడ్డవాడేం కాదు.

"పసిపిల్ల పుట్టినరోజంటే ఆమాత్రం చేయలేమా? కింద వరసలో చోటుందిగా. పిల్లని కూడా పెట్టేయండి!"

కింద వరసలో ఒకటిన్నర అంగుళం ఖాళీ నిజంగానే ఉంది. వీరభద్రం ముఖం వెలిగిపోయింది.

"మన హర్షిణి సత్తిరాజుగారి బోర్డులోనా!" అంటూ ఫోను తీశాడు.

వద్దు, దాన్ని తీసుకుని ఇంటికి పొండి అని హైమావతి గొంతు చించుకుని అరిచింది. ఆ కొలతలో ఉన్న గొంతు ఎంతదూరం వినిపిస్తుంది? హర్షిణి చాక్లెట్ల పొట్లం నాన్న చేతికిచ్చి, వెనక్కి వెళ్ళి తల పెట్టింది. ముఖం చిన్నదవుతుంటే చక్కిలిగింతలు పెట్టినట్టుందని కిలకిలా నవ్వింది. పక్కనున్న ముఖాలు దానికి చోటిచ్చి సర్దుకున్నాయి.

హైమావతి కళ్ళు తుడుచుకుందామనుకుంది. చేతులు బోర్డు వెనకెక్కడో ఉండిపోయాయి. మసకబారిన కళ్ళతోనే వరసని ఆ చివర నుంచి ఈ చివరదాకా చూసింది. హర్షిణి తల పక్కవాళ్ళకన్నా పావంగుళం కుడికి జరిగి ఉంది. చూసీ చూడనట్టు ఊరుకుందామని ప్రయత్నించింది. ఆమె వల్ల కాలేదు.

"కొంచెం ఎడమకి జరుగమ్మా. ఆఁ, అంతే. గడ్డం పైకెత్తు. చేతులు జోడించు."

హర్షిణి చేతులు జోడించింది. వరస కుదిరింది.

గోవర్ధనం రిజిస్టరు తీసి, ముఖాలు పద్దెనిమిది అని దిద్దుకున్నాడు. మూలలో ఉండేది ఆ లెక్కలోకి రాదు. పుట్టినరోజు ఎవరిది అన్న గడిలో మార్చడానికేమీ లేకపోవడంతో, దాన్ని ఉన్నదున్నట్టే ఉంచి, ముద్ర వేశాడు.