తువ్వాలు వేసిన సీటు

ఆ ఆదివారం ఉదయం బుల్లిరాజు వేసిన పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదిన్నరకు పిఠాపురంలో బస్సెక్కడం, పదిన్నరకల్లా కాకినాడలో దిగడం, భార్య సత్యకుమారిని చీరల కొట్టుకీ, అత్తగారు సుబ్బాయమ్మను సముద్రం ఒడ్డుకీ తిప్పడం, హోటల్లో భోజనం, రెండున్నరకు కొత్తగా కట్టిన ఏసీ థియేటర్లో మ్యాట్నీ.

అసలు సంగతి మ్యాట్నీయే. రాజోలు దగ్గర పల్లెలో ఉండే సుబ్బాయమ్మకు ఏసీ థియేటర్ చూపిస్తానని బుల్లిరాజు రెండేళ్ళుగా చెబుతున్నాడు. మొదటిసారి హౌస్‌ఫుల్ బోర్డు చూసి వచ్చారు. రెండోసారి టికెట్లు దొరికాయి గానీ, చొక్కా జేబులో చెమటకు నాని ముద్దయిపోయాయి. గేటు దగ్గర ఒప్పుకోలేదు. రెండుసార్లూ ఆవిడ, "పోన్లెండి బాబూ, బయట్నించి చూశాం కదా, ఎంత బావుందో" అంది. ఆ మాటకే బుల్లిరాజు ప్రాణం చచ్చిపోయింది. సోమవారం పొద్దున్నే ఆవిడ ఊరెళ్ళిపోతోంది. ఈసారీ చూపించలేకపోతే ఆవిడ ఏమీ అనదు. అదే అతని బాధ.

అందుకని గురువారమే కాకినాడ వెళ్ళి మూడు బాల్కనీ టికెట్లు తెచ్చాడు. జేబు మీద నమ్మకం పోయింది కనుక వాటిని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, తన ఎర్రంచు తువ్వాలు కొసన గట్టిగా ముడేశాడు.

ఇక్కడ బుల్లిరాజు విద్య గురించి చెప్పుకోవాలి. కరెంటాఫీసులో అతనొక మామూలు గుమాస్తా. బస్టాండులో మాత్రం మహానుభావుడు. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరితే అది నేరుగా సీటు మీద పడి, దానంతటదే పరుచుకునేది. తువ్వాలు పడ్డ సీట్లో ఎంతటి మొనగాడూ కూర్చోడు. కూర్చోబోతే పక్కవాళ్ళు ఊరుకోరు. "ముందు కిటికీ చూసుకోవాలండి, బోర్డు తర్వాత చూసుకోవచ్చు" అనేది అతని సిద్ధాంతం.

తొమ్మిదిన్నరకు జనంతో కిక్కిరిసి ఒక బస్సు వచ్చింది. బుల్లిరాజు చెయ్యి దానంతటదే లేచింది. తువ్వాలు మూడో కిటికీలోంచి దూరి సీటు మీద సొంపుగా పడింది. పక్కనున్నవాళ్ళు మెచ్చుకోలుగా చూశారు.

"పడిందండి!" అన్నాడు బుల్లిరాజు అత్తగారితో. ఆ తర్వాత సిద్ధాంతం ప్రకారం బోర్డు చూశాడు. అన్నవరం అని ఉంది. కాకినాడ నుంచి వచ్చి అటు వెళ్ళే బస్సది. అతను "ఆపండి, ఆపండి!" అంటూ పరిగెత్తేలోగా కండక్టరు రెండుసార్లు గంట కొట్టేశాడు.

"ఏమండీ, టికెట్లు?" అంది సత్యకుమారి.

బుల్లిరాజు వెళ్ళిపోతున్న బస్సు వంక వేలు చూపించాడు.

సుబ్బాయమ్మ నిదానంగా బెంచీ మీద కూర్చుంది. "అది మళ్ళీ కాకినాడ వెళ్ళడానికి ఇటే కదండి రావాలి? ఇక్కడే కూర్చుందాం బాబూ."

"అప్పటిదాకా తువ్వాలుంటుందా అత్తయ్యగారూ? లోకం అలా లేదండి" అని బుల్లిరాజు ఆటో పిలిచాడు. లోకాన్ని అంత మాట అన్నందుకు తర్వాత చాలా సిగ్గుపడ్డాడు.

ఆటో కత్తిపూడి దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఒక బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. "అల్లుడుగారూ, మన తువ్వాలు వెళ్ళిపోతోందండి" అంది సుబ్బాయమ్మ. డ్రైవరు చెవిలో "ఇంకొంచెం స్పీడు, ఇంకొంచెం స్పీడు" అని జపం చేస్తున్న బుల్లిరాజు వెనక్కి తిరక్కుండానే, "అది వేరే బస్సండి" అన్నాడు.

అన్నవరం బస్టాండులో సోడాలమ్మే ఆయన్ని అడిగితే సంగతి తెలిసింది.

"ఎర్రంచు తువ్వాలేనాండి? ఆయ్, అరగంటైందండి వెళ్ళి. నిండా జనం, అయినా ఆ సీట్లో ఒక్కళ్ళూ కూర్చోలేదండి. ఎవరో పెద్దాయన సీటంట. వ్రతం చేయించుకోడానికి కొండెక్కేరంట."

"ఏ పెద్దాయనండి?" అన్నాడు బుల్లిరాజు. సత్యకుమారి నుదురు కొట్టుకుంది.

ఆటో వెనక్కి తిరిగింది. చేబ్రోలు దగ్గర ఇంజను మొండికేసింది. ఎండలో నిలబడితే కాకినాడ బస్సులు వరసగా రెండొచ్చాయి. రెండిట్లోనూ సీట్లు ఖాళీ అవుతూనే ఉన్నాయి, ఎవరెవరివో తువ్వాళ్ళు పడుతూనే ఉన్నాయి. బుల్లిరాజు విసరడానికి చేతిలో ఏమీ లేదు. "నీ కొంగైనా ఇవ్వవే" అంటే సత్యకుమారి చూసిన చూపుకి మళ్ళీ అడగలేదు. మూడో బస్సులో ముగ్గురూ కాకినాడ దాకా నిలబడే వెళ్ళారు. భోజనం లేదు, చీరల కొట్టు లేదు, సముద్రం అసలే లేదు. దారిపొడవునా సుబ్బాయమ్మ ఒక్క మాట అనలేదు. మధ్యలో ఒకసారి మాత్రం, "ఎంత మంచివాళ్ళండి బాబూ, ఖాళీ సీటుకి కాపలా కాశారు" అంది.

థియేటర్ ముందు దిగేసరికి రెండూ నలభై. హౌస్‌ఫుల్ బోర్డు పెట్టేసి ఉంది. బుల్లిరాజు గేటు దగ్గరాయన ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. సుబ్బాయమ్మ ముందుకొచ్చి, పక్కింటి మనిషిని వాకబు చేసినట్టు అడిగింది.

"మా తువ్వాలేమన్నా ఇటొచ్చిందా బాబూ?"

"ఎర్రంచుదేనాండి? వచ్చిందండి" అన్నాడతను. "పైన బాల్కనీలో కూర్చుంది. వెళ్ళండి, టికెట్లు నా దగ్గరే ఉన్నాయి."

పైన చల్లటి చీకటి. తెర వెలుగులో చివరి వరస మధ్యలో మూడు సీట్ల మీదుగా పొడుగ్గా పరిచిన తువ్వాలు కనిపించింది. దాని పక్కన యాభయ్యేళ్ళావిడ ఒకరు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. బుల్లిరాజు ఆత్రంగా వెళ్ళి కూర్చోబోయాడు.

"ఎవరండి మీరు? తువ్వాలు కనబడ్డం లేదా?" అంది ఆవిడ.

పదిహేనేళ్ళుగా తను ఊరందరినీ అంటున్న మాట అది. "ఆ తువ్వాలు నాదేనండి" అన్నాడు నీరసంగా.

"మీ ముందు ఇద్దరు ఇదే మాట చెప్పేరు. ఆ పెద్దాయన వ్రతం చేసుకుని వస్తున్నారు. మీరు తప్పుకోండి."

"కుడివైపు కొసన పచ్చదారంతో కుట్టి ఉంటుంది చూడమ్మా, చిరిగితే నేనే కుట్టాను" అంది సుబ్బాయమ్మ. ఆవిడ కొస తడిమి చూసి, చటుక్కున తువ్వాలు తీసి రెండు చేతులతో సుబ్బాయమ్మకిచ్చింది.

ఆవిడ పేరు దీనమ్మ. కాకినాడ ఆస్పత్రిలో ఆయా. కత్తిపూడిలో కూతుర్ని చూసొస్తూ తువ్వాలు పక్క సీట్లో కూర్చుంది. కండక్టరు చెప్పిన పెద్దాయన కాకినాడ చేరేదాకా రాకపోతే ముడి విప్పి టికెట్లు చూసింది. రెండు గంటలు గేటు దగ్గర కాపు కాసింది. బెల్లు కొట్టగానే, బాల్కనీలో నంబర్లు లేవు కదా, ఎవరన్నా కూర్చుంటారని గేటు దగ్గరాయనకు చెప్పి లోపలికొచ్చి పరిచింది. బుల్లిరాజు తన విసురు గొప్పదనుకుని ఇన్నాళ్ళూ పొంగిపోయాడు. గొప్పంతా పక్క సీటు వాళ్ళదని ఇప్పుడు తెలిసింది.

"ఇంక వెళ్ళొస్తానండి" అంది దీనమ్మ.

సుబ్బాయమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఈ హాల్లో సినిమా ఎప్పుడన్నా చూశావా అమ్మా?"

"లేదండి. ఇది కట్టేటప్పట్నించీ ఈ దారినే డ్యూటీకెళ్తాను. బయట్నించే చూడ్డం."

సుబ్బాయమ్మ అల్లుడి వంక చూసింది. ఎప్పట్లాగే ఏమీ అనలేదు. బుల్లిరాజు తన సీటు వదిలి వెనక గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

చలికి సుబ్బాయమ్మ తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుంది. కాసేపటికి సగం దీనమ్మకూ కప్పింది. తెర వెలుగు పడి అత్తగారి మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. బుల్లిరాజు సినిమా కంటే దాన్నే ఎక్కువ చూశాడు. కాళ్ళు లాగుతున్నా కడుపు నిండిపోయింది.

ఇంటర్వెల్లో ముందు వరసలో ఒకాయన లేచి ఇంటికి వెళ్ళిపోవడం కనిపించింది. బుల్లిరాజు గబగబా మెట్లు దిగి ఆ సీటు దగ్గరికి వెళ్ళాడు.

దాని మీద ఎవరిదో గళ్ళ జేబురుమాలు పరిచి ఉంది.