యాభై ఒకటో వీక్షణ

అంతర్జాల రచయితల పరస్పర స్పందన సంఘంలోకి ఒక పాఠకుడు చొరబడ్డాడని ఊళ్ళో వినిపిస్తున్న మాట నిజమే. ఎవరూ కంగారు పడవలసిన పనిలేదు. పరిస్థితి ప్రస్తుతం పూర్తిగా అదుపులో ఉంది. కాకపోతే జరిగినదానికి చిలవలు పలవలు అల్లి చెప్పుకుంటున్నారు కాబట్టి, ఉన్నదున్నట్టు చెప్పేయడం మంచిది.

సంఘంలో సభ్యులు యాభై మంది. యాభై మందీ రచయితలే. ఎవరు ఏది రాసి సైటులో పెట్టినా, మిగతా నలభై తొమ్మిది మందీ మర్నాడు ఉదయం తొమ్మిదిలోపు దాన్ని తెరిచి కామెంటు పెట్టి తీరాలి. రాసినవారు కూడా ఒకసారి తెరిచి చూసుకుని, అందరికీ కలిపి ఒక ధన్యవాదం పెడతారు. ఆ విధంగా ప్రతి రచనకూ యాభై వీక్షణలు, యాభై స్పందనలు. ఎక్కువ లేదు, తక్కువ లేదు. చెయ్యి తిరిగినవారికీ నిన్నగాక మొన్న కలం పట్టినవారికీ ఇంత సమన్యాయం మరెక్కడా దొరకదు.

మాటలు వెతుక్కుంటూ సభ్యులు కాలం వృథా చేసుకోకుండా సంఘం ఒక పట్టిక కూడా తయారు చేసి ఇచ్చింది. సోమవారం ‘అద్భుతం’, మంగళవారం ‘మనసును హత్తుకుంది’, శుక్రవారం ‘కడుపుబ్బ నవ్వించారు’, ఇలా. ఒక సభ్యుడు కాలం చేసిన తన గురువుగారికి శుక్రవారం నాడు నివాళి రాసి నలభై తొమ్మిది మందిని కడుపుబ్బ నవ్వించాడు. ఆయన ఏమీ అనుకోలేదు. ధన్యవాదాలు చెప్పుకున్నాడు. ఇంకొక నిబంధన ఏమిటంటే, ఒకే మనిషి ఎన్నిసార్లు తెరిస్తే అన్ని వీక్షణలుగా సైటు లెక్కేస్తుంది కాబట్టి, ఏ రచననూ ఎవరూ రెండోసారి తెరవకూడదు, ఎంత నచ్చినా సరే. ఈ నిబంధన వల్ల ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

సంఘంలో వర్గాలు లేవని అనుకోకండి. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన అధ్యక్షులవారిది వీక్షణ వర్గం. రచనకు ప్రాణం వీక్షణల్లోనే ఉందని వారి సిద్ధాంతం. బడిలో లెక్కలు చెప్పే కార్యదర్శిగారిది స్పందన వర్గం. ప్రాణం కామెంట్లలో ఉందని ఆవిడ పట్టు. రెండూ ఎప్పుడు చూసినా యాభయ్యే కావడం వల్ల ఆ వాదం ఆరేళ్ళుగా తెగడం లేదు.

ఈ రెండు వర్గాల మధ్య ఎటూ చేరకుండా మిగిలినవాడు కళ్ళద్దాలాయన. ఆయనకు బస్టాండు పక్క సందులో కళ్ళజోళ్ళ షాపు ఉంది. ముందు గదిలో అద్దాల బీరువాలు, లోపలి గదిలో ఒక ఎత్తు కుర్చీ, ఎదురుగోడకు అక్షరాల బోర్డు. ఇరవై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరి చేతా ఆ బోర్డు చదివిస్తూ వచ్చాడు. తాను రాసింది మాత్రం ఎవరైనా చదివారా లేదా అన్నది ఆయనకు అంతుపట్టలేదు.

ఆ మధ్య ఆయన ఒక కథ రాశాడు. ఎనిమిది నెలలు పట్టింది. కథలో కళ్ళజోళ్ళ షాపు నడిపే ఒక కొడుకు, అతని తల్లి. ప్రతి ఏడూ కొడుకు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి బోర్డు చదివిస్తాడు. ఆవిడ చివరి వరుసదాకా తడుముకోకుండా చదువుతుంది. ‘నీ చూపు రాయిలా ఉందమ్మా’ అని కొడుకు మురిసిపోయి పాత జోడే ఉంచేస్తాడు. నాలుగేళ్ళయ్యాక షాపులోకి కొత్త బోర్డు వస్తుంది. ఆ రోజు కూడా తల్లి కుర్చీలో కూర్చుని గడగడా చదివేస్తుంది, పాత బోర్డు మీది అక్షరాలు. రోజూ షాపులో కూర్చుని, వచ్చినవాళ్ళు చదువుతుంటే విని విని బట్టీ పట్టేసిందన్నమాట.

అది కథ కాదు. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పుకోలేని సంగతి. కన్నతల్లికి చూపు మందగిస్తున్నా కనిపెట్టలేనివాడు కళ్ళజోళ్ళ షాపు పెట్టుకుని కూర్చున్నాడే అన్న బాధ ఆయన్ను తినేస్తోంది. కొడుకుది తప్పా కాదా అని ఒక్కరు, ఒకే ఒక్కరు, చదివి చెబితే చాలనుకున్నాడు. కథ మంగళవారం నాడు సైటులో పెట్టాడు. అది నలభై తొమ్మిదిసార్లు మనసును హత్తుకుంది.

మర్నాడు లెక్క చూసుకుంటే స్పందనలు యాభై, వీక్షణలు యాభై ఒకటి.

అధ్యక్షులవారు సంబరపడిపోయి, ఆరేళ్ళ వాదానికి తీర్పు వచ్చేసిందని, స్పందనలకన్నా వీక్షణలే మిన్న అని అంకెలతో సహా తేలిపోయిందని ప్రకటించారు. కార్యదర్శిగారు ఒంటికాలి మీద లేచారు. “ఇంటికొచ్చి, కాసేపు కూర్చుని, ఒక్క మాటైనా పలకరించకుండా వెళ్ళిపోయినవాణ్ణి ఏమంటామండీ? చుట్టమంటామా? అసలు వాడెవడో, ఏం చూసుకుని పోయాడో తేలాల్సిందే!” అన్నారు. వెంటనే ఏడుగురితో విచారణ సంఘం ఏర్పాటైంది.

విచారణ సంఘం సైటువాళ్ళకు ఉత్తరం రాసింది. అతను మామూలు పాఠకుడై ఉండవచ్చని వాళ్ళు జవాబిచ్చారు. నమ్మశక్యంగా లేనందువల్ల ఆ జవాబును పక్కన పెట్టారు. తరవాత సభ్యులందరూ తమ ఇంట్లో ఎవరూ తమ రచనలు చదవడం లేదని కుటుంబ సభ్యుల సంతకాలతో పత్రాలు దాఖలు చేయాలన్నారు. సాధారణంగా ఏ కాగితమైనా నెలల తరబడి తెమలని ఆ సంఘంలో యాభై ఇళ్ళ పత్రాలూ ఆ సాయంత్రానికే వచ్చేశాయి. కళ్ళద్దాలాయన ఇల్లాలిని మాత్రం, కథ ఆయనదే కాబట్టి, విడిగా పిలిచి అడిగారు.

“నేనా? చదవడమా?” అని ఆవిడ ముక్కున వేలేసుకుంది. “షాపు చూసుకుని, ఇల్లు చక్కబెట్టుకుని, మళ్ళీ ఈయన రాసిందీ చదవాలా? అయినా మా అత్తయ్య గురించి నాకు తెలియనిది ఈయనేం రాసుంటారండీ!”

విచారణ సంఘం ఆవిడ నిర్దోషి అని తేల్చింది. చివరికి ఊళ్ళోని ఫోను గుంపులన్నిటిలోనూ ఒక ప్రకటన వేశారు: ‘సదరు కథను చదివిన వ్యక్తి ఎవరైనా సరే, తనంతట తాను లొంగిపోయిన పక్షంలో ఎటువంటి కఠిన చర్యా తీసుకోబడదు.’

ఇంత హడావుడి జరుగుతుంటే కళ్ళద్దాలాయన పైకి విచారంగా ముఖం పెట్టుకుని లోపల ఉక్కిరిబిక్కిరి అయిపోతున్నాడు. ఎక్కడో ఒక మనిషి చదివాడు! ఎవరై ఉంటాడు? ఎంతదాకా చదివాడు? ఆ ఆలోచనలో పడి ఒక పెద్దాయనకు చేయించిన జోడు ఇంకొక పెద్దాయనకు, ఆయనది ఈయనకు ఇచ్చేశాడు. ఇద్దరూ బాగా కనబడుతోందనే చెప్పి వెళ్ళారు.

సంఘం గది ఒక పాత భవనంలో అయిదో అంతస్తులో ఉంటుంది. ఆ భవనంలో లిఫ్టు తనంతట తాను కదలదు. ఇనుప జాలీ తలుపు మూయడానికి, పిడి తిప్పడానికి ఒక మనిషి కావాలి. యాభై దాటిన ఒకాయన ముక్కాలిపీట వేసుకుని అందులోనే కూర్చుంటాడు. ఆ రోజు విచారణకు వెళుతూ కళ్ళద్దాలాయన ఒక్కడే లిఫ్టు ఎక్కాడు.

“సార్, ఒక్క మాట. ఆ కళ్ళజోళ్ళ కథ రాసింది మీరేనట కదా?” అన్నాడు లిఫ్టతను.

“నీకెవరు చెప్పారు?”

“మీవాళ్ళంతా ఎక్కుతూ దిగుతూ దాని గురించేగా పోట్లాడుకుంటున్నారు. నేను అంతకుముందే చదివాన్లెండి. మీ సంఘం సైటు పేరున్న కాయితం ఇక్కడే అంటించారుగా, ఏముందో చూద్దామని తెరిస్తే అన్నిటికన్నా పైన మీదే ఉంది. కొత్త బోర్డు పెట్టిన రోజు ఆ తల్లి పాత అక్షరాలు చదివేస్తుంది చూడండి, అక్కడ ఆగిపోయాను సార్. ఎవరో బెల్లు మీద బెల్లు కొడుతున్నారు, లేచి పిడి తిప్పడానికి చెయ్యి రాలేదు.”

కళ్ళద్దాలాయన గోడకున్న కమ్మీ పట్టుకున్నాడు. “కొడుకుది తప్పంటావా?” అని అడిగాడు.

“నాకలా అనిపించలేదు సార్. ఆవిడ బట్టీ పట్టింది కొడుకుని మోసం చెయ్యడానికి కాదు. ఎందుకంటే...”

లిఫ్టు అయిదో అంతస్తులో ఆగింది. జాలీ అవతల అధ్యక్షులవారు, కార్యదర్శిగారు నిలబడి ఉన్నారు. ‘ఒక్క అంతస్తు కిందికి పోనియ్యి’ అంటే సరిపోయేది. ఎనిమిది నెలల బరువు దిగిపోయేది. కానీ సంఘంలో ఇంకెవరికీ లేనిది తనకొకటి ఉందని తెలిసిన మనిషి దాన్ని జేబులో ఎంతసేపని దాచుకోగలడు? కళ్ళద్దాలాయన లిఫ్టతని భుజం మీద చెయ్యి వేసి, “ఇదుగో! నా పాఠకుడు!” అన్నాడు.

“దొరికాడు!” అన్నారు కార్యదర్శిగారు.

విచారణ గంటసేపు జరిగింది. చదివినట్టు నిందితుడు ఒప్పుకున్నాడు. మరి కామెంటు ఎందుకు పెట్టలేదని అడిగితే, “ఏం రాయాలో తేల్చుకోలేకపోయానండీ. ఇంకా ఆలోచిస్తున్నాను,” అన్నాడు. స్పందించడానికి ముందు ఆలోచించేవాణ్ణి చూడడం సభ్యులకు అదే మొదటిసారి కావడంతో గదిలో కాసేపు కలకలం రేగింది.

అప్పుడు అధ్యక్షులవారు లేచి, చరిత్రలో నిలిచిపోదగిన ప్రసంగం చేశారు. “సోదర సోదరీమణులారా! ఇతన్ని శిక్షించడం మన సంస్కారం కాదు. అలాగని బయట వదిలేస్తే రేపు ఇంకో కథ చదువుతాడు, ఎల్లుండి పక్కవాడికి చెబుతాడు, లెక్కలన్నీ తారుమారవుతాయి. సాటి మనిషిని పాఠకుడిగా మిగిల్చేసి మనం మాత్రం రచయితలుగా వెలిగిపోవడం న్యాయమా? కాదు! ఇతన్ని కూడా మనంతవాణ్ణి చేద్దాం!”

చప్పట్లు మోగాయి. లిఫ్టతనికి పూలగుత్తి, సభ్యత్వ కార్డు, వారం పట్టిక అందజేశారు. వారంలోపు ఒక కథ రాయాలని, రోజూ అందరికీ కామెంట్లు పెట్టాలని షరతు. కళ్ళద్దాలాయన చెయ్యెత్తి, “అతనేదో చెప్పబోయాడండీ లిఫ్టులో. అదొక్కటీ వినేసి...” అన్నాడు.

“దానికేముంది, అదే కథగా రాయమనండి. అందరం చదువుతాం,” అన్నారు అధ్యక్షులవారు.

లిఫ్టతను అక్కడే, ఆ పీట మీదే కూర్చుని, గీతల నోటుబుక్కులో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, సరిగ్గా వారానికి ‘నా మొదటి కథ’ అని సైటులో పెట్టాడు. మర్నాడు ఉదయం కళ్ళద్దాలాయన షాపులో రద్దీగా ఉంది. ఎత్తు కుర్చీలో ఒకావిడ బోర్డు చదువుతోంది. తొమ్మిది కావడానికి ఇంకా పది నిమిషాలే ఉంది, తెరవాల్సినవి ముప్ఫై రెండున్నాయి. ఎడమచేత్తో ఫోను పట్టుకుని ఒక్కొక్కటే తెరవడం, బొటనవేలితో అట్టడుగుకు తోసెయ్యడం, ‘అద్భుతం’ అని పెట్టడం. పద్దెనిమిదోది లిఫ్టతనిది. అది కూడా అద్భుతంగానే ఉంది. నాలుగు సెకన్లు పట్టింది.

తరవాతి సమావేశం రోజున మళ్ళీ ఇద్దరే లిఫ్టులో పడ్డారు. కళ్ళద్దాలాయన మనసు ఆగలేదు.

“ఆ రోజు చెప్పబోయి ఆగిపోయావు చూడు. ఆ తల్లి అలా ఎందుకు చేసిందంటావు?”

లిఫ్టతను ఆశ్చర్యంగా చూశాడు. “మొత్తం అదే రాశాను కదా సార్! మీరు ‘అద్భుతం’ అని పెట్టారుగా. మిగతావాళ్ళ సంగతేమో గానీ, మీరలా అన్నాక నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. మా ఆవిడకి కూడా చూపించాను.”

“ఆ... అవునవును. అదే... భలే రాశావు,” అని కళ్ళద్దాలాయన నీళ్ళు నమిలాడు. సిగ్గుతో చితికిపోయాడు. తలుపు తెరుచుకోగానే వెనక్కి చూడకుండా లోపలికి నడిచాడు.

ఫోను చేతిలోనే ఉంది. లిఫ్టతని కథ ఒక్క వేలిమొన దూరంలో ఉంది. కానీ ఆ గొడవ తరవాత సమావేశం గదిలో ఒక పెద్ద తెర బిగించి, అన్ని రచనల లెక్కలూ అందరికీ కనబడేలా పెట్టారు. ‘నా మొదటి కథ: వీక్షణలు యాభై ఒకటి, స్పందనలు యాభై ఒకటి.’ ఇప్పుడు తెరిస్తే యాభై రెండవుతుంది. విచారణ మొదలవుతుంది. తాను చదవకుండానే అద్భుతమన్నానని బయటపడుతుంది. అంతకన్నా ఘోరం, చదువుతున్నాడన్న పేరు పడుతుంది. ఇంటికి వెళ్ళి తెరిచినా పెరిగే అంకె పెరగక మానదు. కళ్ళద్దాలాయన ఫోను బోర్లా పెట్టేశాడు.

ఆనాటి ప్రధాన ప్రసంగం ఆయనదే. పాఠకుణ్ణి సంపాదించిన ఏకైక సభ్యుడు కాబట్టి ఆ గౌరవం ఆయనకు దక్కింది. విషయం ‘రచయితకు పాఠకుడెందుకు?’ ఆయన నలభై నిమిషాలు మాట్లాడాడు. వీక్షణలు వద్దన్నాడు. స్పందనలు వద్దన్నాడు. ఆసాంతం చదివి, ఒక్క నిజమైన మాట చెప్పే మనిషి దొరికితే వాడి కాళ్ళకు దండం పెట్టాలన్నాడు. రెండు వర్గాలూ లేచి నిలబడి చప్పట్లు కొట్టాయి.

అందరూ వెళ్ళిపోయాక కళ్ళద్దాలాయన లిఫ్టు ఎక్కాడు. లిఫ్టతను పీట మీద కూర్చుని ఫోనులో తల దూర్చి ఉన్నాడు. బొటనవేలు టకటకా ఆడుతోంది. పిడి తిప్పాడే గానీ తలెత్తలేదు.

“నా ప్రసంగం ఎలా ఉంది?” అని కళ్ళద్దాలాయన అడిగాడు.

“చాలా బాగుంది సార్.”

“నువ్వు లోపలికి రాలేదుగా?”

“ఎక్కడ సార్! ఈ పూటవి ఇంకా పాతిక మిగిలున్నాయి,” అంటూ లిఫ్టతను ఇంకొకటి తెరిచి అట్టడుగుకు తోసేశాడు.

ఒక్క ముక్క కూడా వినని మనిషి అన్న మాట అది. ఆ సంగతి కళ్ళద్దాలాయనకు తెలుసు. తెలిసినా, ఆ మాట చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది. పట్టలేని సంతోషంతో లిఫ్టతని వైపు వంగి, “నిజంగానా?” అన్నాడు.