చలికాలంలో పాల ఐసు చేసిన నేరం

పాల ఐసు అమ్ముకునే జాన్‌బాషాకు ఈ లోకంలో ఎవరి మీదా కోపం లేదు, ఒక్క హోల్‌సేలు కిరాణా జగన్నాథరావు మీద తప్ప. ఆ జనవరిలో జగ్గయ్యపేటలోని వాళ్ల వీధి పసివాళ్లందరికీ ఒక్కసారిగా వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకుంటే, డాక్టరుకన్నా ముందే కారణం కనిపెట్టిన మేధావి ఆయన.

"ఇంకేముందయ్యా, ఐసే!"

ఐసుపెట్టె దీపావళి నుంచీ అటక మీదే ఉంది. జాన్‌బాషా భార్య షాహిదాబీ అందులో ఉల్లిపాయలు పోసుకుంది. ఇలాంటి చిల్లర అడ్డంకులకు ఆగిపోతే అది నిజమెలా అవుతుంది?

అంతకు రెండ్రోజుల ముందే జగన్నాథరావుగారి మనవడు శ్రీకర్ అన్నప్రాసన వైభవంగా జరిగింది. ఆ రోజు పిల్లవాడికి తెల్లవారినప్పటి నుంచీ విరేచనాలు. "పళ్లొస్తున్నాయిలే" అని నాయనమ్మ జ్ఞానప్రసూనాంబగారు తేల్చేశారు. గుడ్డ మార్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆ చేత్తోనే వీధి పిల్లలందరికీ తలా ఓ ముద్ద పరమాన్నం నోట్లో పెట్టారు. శుభ్రతకు ఆ ఇల్లు పెట్టింది పేరు. వంటింటి వైపు చెప్పుల నీడ కూడా పడనివ్వరు.

నందిగామ నుంచి డాక్టరమ్మ ప్రమీలారాణి వచ్చి చూసింది. "ఇది వైరస్ అండీ. పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది, తాగింది ఒంటికి పట్టదు. కడగని చేతుల మీదుగా నోట్లోకి పోతుంది. ఓఆర్‌ఎస్ నీళ్లు చెంచాతో పడుతూనే ఉండండి" అంది.

"నీళ్లు పోతుంటే మళ్లీ నీళ్లు పొయ్యమంటుందేంటమ్మా! సూదైనా వెయ్యలేదు, ఏం డాక్టరు!" అని వీధంతా నవ్వి, సెలైన్ ఎక్కించే చోటికి ఆటోలు మాట్లాడుకుంది.

అమాయకుడు జాన్‌బాషా ఒక్కడే ఆమె మాట విన్నాడు. పరమాన్నం తిన్న అతని కూతురు సైరా అందరికన్నా ముందు లేచి ఆడుకుంది. అదే అతని కొంప ముంచింది.

"నీ పిల్లకెట్లా తగ్గింది? ఐసులో ఏం కలిపావో నీకు తెలుసు గనకనే!"

కొట్టు అరుగు మీద పంచాయితీ కూర్చుంది. జగన్నాథరావుగారు గంభీరంగా ఉపన్యసించారు: "భావితరాల పేగులు మన బాధ్యత. వైరస్ కంటికి కనపడదు. కనపడనిదాన్ని శిక్షించడం ఎట్లా? జాన్‌బాషా కనపడుతున్నాడు."

చప్పట్లు మోగాయి. ఆ చేతులను అప్పటికీ ఎవరూ కడగలేదు.

సెలైన్ ఖర్చంతా జాన్‌బాషా నెత్తిన పడింది. అది కట్టడానికి తన ఇంటి పక్క ఖాళీ స్థలం అమ్ముకున్నాడు. ఉదారంగా కొన్నది జగన్నాథరావుగారే. మరుసటి ఏడు అక్కడ ఐస్‌క్రీం పార్లరు వెలిసింది. ప్రారంభోత్సవంలో జ్ఞానప్రసూనాంబగారే స్వహస్తాలతో పిల్లలందరికీ తినిపించారు. జనవరి రాగానే చంటిపిల్లలకు మళ్లీ విరేచనాలు.

"ఈసారీ ఐసేనాండీ?" అన్నాడు జాన్‌బాషా, వినయంగా.

"ఛ! పళ్లొస్తున్నాయి" అన్నారాయన. వీధంతా ఔనంది. పెద్దలు చెప్పాక మీరైనా, నేనైనా కాదంటామా?

జాన్‌బాషాకు పోయింది రెండున్నర సెంట్లు.