సున్నాలో పిట్ట

ప్రకృతికి ప్రకృతి అంటే ఏమిటో తెలియదు. ఎవరో ఒకరు దగ్గర కూర్చోబెట్టి చెప్పాలి. అందుకే పార్కుల శాఖ ఉంది!

నవ్వకండి. పిట్టకి తన గూడు 'ఆవాసం' అని తెలుసా? గడ్డికి తాను 'జీవవైవిధ్యం' అని తెలుసా? తెలియకనే కదా ఇన్నాళ్ళూ పిట్ట పిట్టలా, గడ్డి గడ్డిలా బతికేశాయి. ఎంత వెనకబాటుతనం!

ఈ లోటు తీర్చడానికి మా పార్కుకి ఆవాస పునరుద్ధరణ పథకం వచ్చింది. పథకం వెంట ప్రజల్లో అవగాహన పెంచే విభాగం వచ్చింది. విభాగం వెంట మైకు వచ్చింది. నేను రోజూ ఆ పార్కులో నడిచేవాణ్ణి. జరిగింది కళ్ళారా చూశాను. కాబట్టి పథకం పక్షాన సాక్ష్యం చెప్పడం నా బాధ్యత.

ముందు పార్కు సంగతి. దాని పొడవు మూడువందల అడుగులు. కుళాయి గేటు పక్కన ఉంది. కుళాయికి తగిలించే పైపు పొడవు రెండువందల అరవై అడుగులు. అంటే చివరి నలభై అడుగులకి నీళ్ళు అందవు. నీళ్ళు అందనిచోట లాన్ పెరగదు. లాన్ లేనిచోట గడ్డి కోసే మిషనుకి పని లేదు. మిషను వెళ్ళనిచోటికి సూపర్‌వైజరు వెళ్ళడు. సూపర్‌వైజరు వెళ్ళనిచోట ఏముంటుంది? మిగతావన్నీ ఉంటాయి!

తోటమాలి అక్కడ పందొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాడు. చేతిలో పైపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు గనక అందరికీ పైపు బాబాయి అయ్యాడు. ఆయన భార్య అదే పార్కు ఊడుస్తుంది. ఆమె పిన్ని. చేరిన కొత్తలో బాబాయి పైపు చాలడం లేదని మూడు అర్జీలు పెట్టించాడు. మూడింటికీ జవాబు లేదు. నాలుగోది పెట్టలేదు. ఎందుకంటే ఆ ఏడాది ఆ మూలకి తీతువు పిట్ట వచ్చింది.

తీతువు చెట్టెక్కదు, గూడు అల్లదు. నేలమీద చిన్న గుంట చేసుకుని అందులో నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు మట్టిరంగు, వాటిమీద నల్లమచ్చలు. గులకరాళ్ళ పక్కన పెడితే గులకరాళ్ళే. దగ్గరికి ఎవరైనా వస్తే నెత్తిమీద తిరుగుతూ అరుస్తుంది. ఆ కూత వినకూడదని కొందరంటారు. బాబాయి చెవికి మాత్రం అది "ఎవరదీ, ఎవరదీ" అని వినపడుతుంది. "మా వాచ్‌మన్ కూడా ఇంత గట్టిగా అడగడు" అంటాడు.

అప్పటినుంచి ఏటా వస్తోంది. ఆ పిట్టేనో, దాని కూతురో, మనవరాలో బాబాయికీ తెలియదు. గుడ్లు పొదిగినన్నాళ్ళూ ఆయన ఆ వైపు చెప్పుల్లేకుండా నడుస్తాడు.

ఈ ఏడు సర్వే జరిగింది. శాఖవాళ్ళు పట్టపగలు పదకొండింటికి జీపులో హారన్ కొట్టుకుంటూ వచ్చి, టేపు పట్టి కొలిచారు. పిట్ట ఎగిరి గోడవతల పడింది. ఫారంలో 'స్థలం స్వభావం' అన్నచోట 'ఖాళీ' అని రాశారు. 'పక్షుల సంఖ్య' ఎదురుగా సున్నా చుట్టారు. ఇంతకన్నా నిక్కచ్చిగా ఎవరు లెక్కపెడతారు?

కార్యక్రమం రేపనగా అవగాహన విభాగం మేడం వచ్చింది. మంచి మనిషి. బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పింది.

"పునరుద్ధరణ అంటే ఏంటమ్మా?" అన్నాడు బాబాయి.

"పూర్వం ఎలా ఉండేదో మళ్ళీ అలా చెయ్యడం బాబాయ్."

"పూర్వం అంటే ఎప్పటికి?"

"మనుషులొచ్చి పాడు చెయ్యకముందు."

"ఈ మూలకి మనుషులెవరూ రాలేదమ్మా. పైపే రాలేదు."

"అందుకే కదా మేం వచ్చాం!"

బాబాయి అసలు సంగతి బయటపెట్టాడు. "అక్కడ పిట్ట గుడ్లు పెట్టిందమ్మా."

మేడం ఫారం తిరగేసింది. "గుడ్లా? ఫారంలో లేవే."

"ఫారంలో పెట్టలేదమ్మా. నేలమీద పెట్టింది."

"సరే, నోట్ చేసుకుంటాను" అని నోట్ చేసుకుంది. బాబాయి కూడా తన వంతుగా గుంట చుట్టూ నాలుగు పుల్లలు పాతాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి ఏదో ఆఫీసునుంచి అరవైమంది వాలంటీర్లు బస్సు దిగారు. ఒక్కొక్కరి టీషర్టు మీద 'నేనే ప్రకృతి' అని ఉంది. నాలుగు లౌడ్‌స్పీకర్లు పెట్టి శబ్దకాలుష్యం గురించి ముప్పావుగంట ప్రసంగించారు. ఆ తర్వాత శుభ్రత. శుభ్రతలో మొదట సంచిలోకి వెళ్ళినవి బాబాయి పాతిన నాలుగు పుల్లలు.

తర్వాత కలుపు తీత. నలభై అడుగుల్లో ముప్పై అడుగుల మేర తుమ్మి మొక్కలు పీకేశారు. గోడవారన ఉన్న పది అడుగులు భోజనం వేళ దగ్గరపడుతోందని వదిలేశారు. పీకినచోట నర్సరీనుంచి కుండీల్లో తెచ్చిన మొక్కలు నాటారు.

బాబాయి ఒక కుండీ ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది తుమ్మి మొక్కే కదమ్మా? ఇందాక మీరు పీకించింది కూడా ఇదే."

"అది కలుపు బాబాయ్. ఇది స్థానిక జాతి. దీనికి బోర్డుంది చూడు."

బోర్డు ఉంది. నేనూ చూశాను.

ఇక అసలు ఘట్టం. కొత్తగా వచ్చే పక్షులు దారి తప్పకుండా నేలమీద గులకరాళ్ళతో 'పక్షులకు స్వాగతం' అని పేర్చాలని మేడం ఆలోచన. ఒక్కో అక్షరం ఆరడుగులు. పక్షి పైనుంచి చదువుకుని దిగుతుందన్నమాట! ఇన్నేళ్ళూ అవి ఏ ఆహ్వానమూ లేకుండా దిగుతున్నాయంటే, వాటికి మర్యాద నేర్పనిది ఎవరు? మనమే.

పార్కులో రోజూ నడిచే రిటైర్డ్ తెలుగు మాస్టారు అభ్యంతరం చెప్పారు. "స్వాగతం కాదమ్మా, స్వాగతము. పిట్టలకైనా సరే, తప్పులు నేర్పకూడదు."

"'ము'కి రాళ్ళు చాలవు మాస్టారూ. సున్నాతో సరిపెడదాం."

"పోనీ, ఆ సున్నా అయినా గుండ్రంగా పెట్టించు."

వాలంటీర్లు రాళ్ళ కోసం నలుమూలలకీ వెళ్ళారు. గ్లవ్స్ వేసుకున్న ఒకమ్మాయి గెంతుకుంటూ వచ్చింది. "మేడం, చూడండి! ఒకే సైజువి నాలుగు, ఒకేచోట దొరికాయి. డిజైన్ కూడా ఉంది!"

"సూపర్! ఎక్కడైనా కనపడేచోట పెట్టు" అంది మేడం.

నెత్తిమీద తీతువు అరుస్తూ తిరగసాగింది. మేడం మైకు అందుకుంది. "అదిగో వినండి! పక్షి మనకి కృతజ్ఞత చెబుతోంది!" అరవైమంది చప్పట్లు కొట్టారు.

గేటు దగ్గర బకెట్లు నింపుతున్న బాబాయికి ఆ కూత వేరేగా వినపడింది. పైపు పడేసి పరుగెత్తుకుంటూ వచ్చాడు. గుంట ఖాళీ. సర్వే ఫారం చివరికి నిజమైంది!

అప్పుడు టైము ఒంటిగంట. వాలంటీర్లు భోజనాలకి వెళ్ళారు. మూడింటికి డైరెక్టరుగారు వస్తారు. ఆయన చూస్తుండగా అక్షరాలకి సున్నం వేస్తారు. ఘాటు సున్నం గుడ్డుమీద పడితే లోపల ఊపిరాడదు. అక్షరాల చుట్టూ రిబ్బను కట్టి 'ముట్టరాదు' అని అట్ట తగిలించారు. అట్ట మీది మాట బాబాయికి చదవడం రాదు గనక ఆయన నిబంధన ఉల్లంఘించాడని ఎవరూ అనలేరు.

పిన్ని క్యారేజీ పట్టుకుని వచ్చింది. "ఏమయ్యా, అన్నం తినవా?"

"గుడ్లు పోయాయే."

"ఎవరు తీశారు?"

"అక్షరాల్లో కలిపేశారు."

"ఏ అక్షరంలో?"

"నాకేం తెలుసు? నేనేమన్నా చదువుకున్నానా?"

"పందొమ్మిదేళ్ళుగా 'పూలు కోయరాదు' బోర్డు తుడుస్తున్నావు. ఆ మాత్రం చదువు గుడ్డకైనా అంటుకునేదే!" అంటూనే క్యారేజీ కిందపెట్టి, కొంగు దోపుకుని, 'ప' ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

రాయి బరువు, గుడ్డు తేలిక. ఉన్న ఆనవాలు అదొక్కటే. ఒక్కో రాయీ ఎత్తి, చేత్తో తూచి, మళ్ళీ అక్కడే పెట్టారు. ఆరువందల పైచిలుకు రాళ్ళు. ఒంటిగంటా నలభైకి 'ల' దాటలేదు. మాస్టారు కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి సంగతి తెలుసుకుని, తానూ వంగారు. ఆయన నడుము వంచగా నేను చూడటం అదే మొదలు.

అప్పుడు పిట్ట దిగింది.

అరవలేదు. 'క్షు' పక్కన కాసేపు నిలబడింది. 'స్వా' దాటింది. 'గ' దాటింది. 'త' దగ్గర ఆగి అటూ ఇటూ చూసింది. సున్నా దగ్గరికి వెళ్ళి మెడ వంచి, ఇక కదల్లేదు.

"మన ముగ్గురికంటే దానికే చదువు బాగా వచ్చు" అన్నారు మాస్టారు.

నాలుగు గుడ్లూ సున్నా అంచునే ఉన్నాయి. బాబాయి వాటిని తీసి సున్నా నడుమ మట్టిని చేత్తో చిన్న గుంటగా నొక్కి, మొనలు లోపలికి ఉండేలా, పిట్ట ఎలా పెట్టుకుంటుందో అలాగే పెట్టాడు. అంచున ఏర్పడ్డ ఖాళీల్లో నాలుగు గులకరాళ్ళు దూర్చాడు. ముగ్గురూ వెనక్కి నడుచుకుంటూ గోడదాకా వెళ్ళారు. పాత గుంట అక్కడికి ఎనిమిది అడుగులే. పిట్ట మూడు నిమిషాలు ఆలోచించింది. తర్వాత సున్నాలోకి అడుగుపెట్టి కూర్చుంది.

పిన్ని క్యారేజీ విప్పింది. "ఇప్పుడైనా తింటావా?"

"నువ్వు తిను. నాకు మూడు దాటాలి."

మూడుకి వస్తానన్న డైరెక్టరుగారు మూడూ నలభైకి వచ్చారు. సున్నం బకెట్టు, కుంచె, కెమెరా సిద్ధం. 'ప' నుంచి 'త' దాకా తెల్లబడ్డాయి. కుంచె సున్నా మీదికి వచ్చేసరికి పిట్ట లేచి, రెక్కలు విప్పి, "ఎవరదీ, ఎవరదీ" అని కేకపెట్టింది. కుంచె పట్టుకున్న వాలంటీరు బకెట్టు వదిలేసి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేంటి?" అన్నారు డైరెక్టరుగారు.

బాబాయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన చేతిలో పైపు లేదు. ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక కట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ కట్టుకున్నాడు.

మేడం పిట్టని చూసింది. పిట్ట కాళ్ళ మధ్య 'డిజైన్' ఉన్న నాలుగు రాళ్ళని చూసింది. బాబాయిని చూసింది. నిన్న నోట్ చేసుకున్నది గుర్తొచ్చి ఉంటుంది, మొహం ఎర్రబడింది. ఒక్క క్షణమే.

"ఫలితం సార్" అంది.

ఆయన చప్పట్లు కొట్టారు. సున్నాకి సున్నం వెయ్యవద్దన్నారు. ఫొటో దిగారు.

నివేదిక నేను చదివాను. పథకానికి ముందు పక్షులు సున్నా. పథకం తర్వాత ఒకటి. వృద్ధి ఎంత శాతమో కట్టడానికి సున్నాతో భాగించడం కుదరక గణాంకాల సెక్షన్ ఫైలు వెనక్కి పంపిందట. 'నూరు' అని రాసుకోమన్నారట పైనుంచి. ఒక్క రోజులో నూరు శాతం! పందొమ్మిదేళ్ళలో బాబాయి సాధించలేనిది!

ఇరవయ్యెనిమిదో రోజున గుడ్లు పగిలి నాలుగు పిల్లలు బయటికి వచ్చాయి. ఆ పూటే తల్లి వెంట నడుచుకుంటూ పోయాయి. 'స్వాగతం'వైపు కాదు. బోర్డులున్న మొక్కలవైపూ కాదు. భోజనం వేళ పుణ్యమా అని మిగిలిన పది అడుగుల కలుపులోకి. అవగాహన లేని పిల్లలు!

ఇంత విజయానికి బహుమానం ఉండాలి కదా. శాఖనుంచి ఉత్తరం వచ్చింది. మాస్టారు చదివి వినిపించారు. "పందొమ్మిదేళ్ళ క్రిందటి మీ అర్జీని సానుభూతితో పరిశీలించి, మూడువందల అడుగుల నూతన పైపు మంజూరు చేయడమైనది. రెండవ దశలో ఆ మూలకు నీరు పెట్టి లాన్ పెంచవలెను."

బాబాయి కొత్త పైపు విప్పి నేలమీద పరిచాడు. గోడకి సరిగ్గా తగిలింది. దానివైపు చాలాసేపు చూశాడు. మూలలో తీతువు ఆయన్ని గుర్తుపట్టి ఊరుకుంది. పైపుని చూసి అరిచింది.

మూడో రోజున సూపర్‌వైజరు వచ్చేసరికి పైపు రెండువందల అరవై అడుగుల దగ్గర తెగి ఉంది.

"ఏమైంది?"

"ఎలుకలు కొరికాయండి."

సూపర్‌వైజరు వంగి, తెగినచోట వేలు పెట్టి చూశాడు. "ఎలుక ఇంత తిన్నగా కొరుకుతుందా?"

"అవగాహన వచ్చిందేమోనండి" అన్నాడు బాబాయి.

కాబట్టి పాఠకులారా, పథకం ఫలించిందని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. మా పార్కులో కొత్త జాతి ఎలుక వెలసింది. దాన్ని సంరక్షించాలి. నగరంలో ప్రతి పార్కుకీ ఒకటి చొప్పున పంచాలి. అందుకోసం శాఖవారు చెయ్యవలసింది ఏమీ లేదు. నిజంగానే, ఏమీ చెయ్యకుండా ఉంటే చాలు.

ఇక కొమ్మల కత్తెర ఎవరింటినుంచి వచ్చిందని మాత్రం నన్ను అడగకండి. నేను రోజూ అక్కడ నడిచేవాణ్ణి, అంతే.